ఎనిమిది ఇండ్ల మూట

రాయదుర్గం ఆడవాళ్లలో ఒంటరిగా పట్నంలోని కార్వాన్ దాకా పోయి వచ్చిన మొదటి మనిషి సక్కుబాయి. ఇది చిన్న ముచ్చట కాదు. అప్పటికి ఊరికి బస్సు లేదు. బండరాళ్ల నడుమ కాలిబాట పట్టి టోలిచౌకి దాకా నడవాలి. అక్కడ బస్సు దొరికితే దొరికినట్టు, లేకుంటే కాళ్లే దిక్కు. ఊరి ఆడవాళ్ల వెండీ బంగారం నడుముకు కట్టుకొని ఆ దారిన ఆమె పన్నెండేండ్లు తిరిగింది. ఒక్క గుండు పోలేదు. ఒక్క కడియం మారలేదు. అక్షరం ముక్క రాకపోయినా, చదువుకున్న మగవాళ్లు తడబడే చోట ఆమె నిలబడి మాట్లాడి వచ్చేది.

ఊళ్లోనే కుదువ పెట్టుకోవచ్చు కదా అంటే, దానికో కథ ఉంది. పటేల్ ఇంట్లో కుదువ పెడితే, వారం తిరగకముందే పటేల్ కోడలు కుదువ పెట్టిన బంగారు గుండ్లపేరు మెడలో వేసుకొని బతుకమ్మ ఆడేది. సొమ్ము పోగొట్టుకున్నదాని ముందే చప్పట్లు కొడుతూ తిరిగేది. ఆ సిగ్గు పడలేకనే ఆడవాళ్లు సక్కుబాయి గడప తొక్కేవాళ్లు. పట్నంలో వడ్డీ సేటు దగ్గరైతే సొమ్ము గుడ్డమూటలో, మూట ఇనుపపెట్టెలో. ఎవరి కంటా పడదు.

సేటుతో ఆమె బేరం చూడాలంటే కార్వాన్ పోవాలి. గుండ్లలో లక్క ఉంటుంది కాబట్టి దాని బరువు తీసేసి లెక్క కట్టడం సేటు పద్ధతి. ఒకసారి ఆ పేరుతో ఎక్కువ కోయబోయాడు.

"నీ అంచనా ఎందుకు సేటూ? ఒక గుండు పలగ్గొట్టు. లక్క ఎక్కువుంటే నా గుండు పాయె, తక్కువుంటే నీ మాట పాయె. కొట్టు మరి!"

సేటు సుత్తి ఎత్తలేదు. నవ్వి తూకం సరిచేశాడు. అప్పటినుంచి దుకాణంలో ఆమెకు వేరే పీట, మంచినీళ్ల గ్లాసు. మగవాళ్లు మెట్ల మీద నిలబడి ఉంటే సక్కుబాయి లోపల కూర్చునేది.

సేటు ఇచ్చే కుదువ చిట్టీలు ఆమెకు చదవరావు. అందుకు తన ఉపాయం తనకు ఉంది. సొమ్ము ఎవరిదో వాళ్ల చీర అంచు నుంచి ఒక పోగు లాగి, ఆ చిట్టీకి చుట్టేది. ఎవరి చిట్టీ వాళ్లది, ఎవరి మూట వాళ్లది. పన్నెండేండ్లూ ఇదే పద్ధతి. తప్పింది ఒక్కసారే.

అది డెబ్బై రెండులో. ఆ యేడు వాన ముఖం చాటేసింది. జొన్న మొలిచి మొలకలోనే మాడింది. బావుల్లో బురద తేలింది. దీపావళి వెళ్లిన వారానికి ఎనిమిది ఇండ్ల ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు సక్కుబాయి ఇంటికి వచ్చారు. బుచ్చమ్మ కడియాలు, చంద్రమ్మ నడుంపట్టీ, ఇంకొకరి కమ్మలు. అందరికన్నా చివర భాగ్యమ్మ వచ్చింది. ఆమె మొగుడు మొగిలి, గుట్ట మీద రాయి కొట్టేవాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు పట్టి మంచాన పడ్డాడు. దవాఖాన మందులకు డబ్బు కావాలి. భాగ్యమ్మ మెడలో ఉన్నవి రెండు పుస్తెలే. తాడు నుంచి వాటిని విప్పి, ఆ చోట పసుపుకొమ్ము కట్టుకొని వచ్చింది.

"అక్కా, ఇవి నా ఒంటి మీదికి మళ్లొస్తయా?"

"నా చేతిల పడ్డది రాకుండ పోయిందానె ఎన్నడన్న? మొగిలి మంచం దిగేలోపు నీ మెడల ఉంటయి పో."

సక్కుబాయికి మొగుడు పోయి తొమ్మిదేండ్లు. పుస్తెలు లేని మెడ ఎట్లా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే ఆ మాట ఉత్తగా అనలేదు.

ఆ రోజు సేటు ఆమె ముందు కొత్త బేరం పెట్టాడు.

"చిన్నచిన్న చిట్టీలకు నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. అయిదు వందలు దాటిన చిట్టీకి ఒకటిన్నర. నీవన్నీ కలిపితే ఆరు వందలు దాటుతయి సక్కుబాయీ. అన్నీ ఒక్క మూట కడతా, ఒక్క చిట్టీ రాస్తా. ఏమంటవ్?"

సగానికి సగం మిత్తి! సక్కుబాయికి మనసులో పండుగయింది. ఊళ్లో ఏ మగవాడు తెచ్చాడు ఇంత తక్కువ మిత్తికి?

"ఒక్కటే మూటనా?" అని అడిగింది.

"ఒక్కటే చిట్టీ, ఒక్కటే మూట. వచ్చే దీపావళికి నేను పాత లెక్కల బహీ మూసి కొత్తది తెరుస్త. ఆ లోపల విడిపించుకోవాలె, లేకుంటే మిత్తి కట్టి చిట్టీ మార్చుకోవాలె. రెండూ లేకుంటే కరిగిస్త. మా కాయిదా, పద్ధతీ తెలిసినదానివి, నీకు చెప్పేదేముంది?"

"కట్టు" అంది సక్కుబాయి. ఎవరినీ అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఎనిమిది రంగుల పోగులు ఆ ఒక్క చిట్టీకే చుట్టి, కొంగున ముడేసుకొని వచ్చి, ఎవరి డబ్బు వాళ్ల చేతిలో పెట్టింది. మిత్తి సగమే అని విన్న ఆడవాళ్లు ఆమెను పొగిడిన పొగడ్త ఇంతా అంతా కాదు.

"సర్పంచివి నువ్వయితే మా బతుకులు బాగుపడునె సక్కక్కా" అంది బుచ్చమ్మ.

భాగ్యమ్మ మొగుడి సుత్తి తాను పట్టుకుంది. ఎండకు ఎండి, తిని తినక, పైసా పైసా దాచింది. మొగిలి లేవలేదు. దగ్గినప్పుడల్లా భార్య మెడలోని పసుపుకొమ్ము వంక చూసి ముఖం తిప్పుకునేవాడు.

"నేనుండగనే నీ మెడ గిట్లయింది" అనేవాడు. "ఆ రెండు నీ మెడల చూసి పోత. ఇంకేం అడగ."

మళ్లీ దీపావళి పది రోజులు ఉందనగా, అసలూ మిత్తీ కలిపి తన వంతు డెబ్బై ఒక్క రూపాయి తెచ్చి భాగ్యమ్మ సక్కుబాయి ఒడిలో పోసింది. సక్కుబాయి మరునాడే కార్వాన్ పోయింది.

సేటు డబ్బు ముట్టుకోలేదు.

"మూట ఇప్పితే చిట్టీ చెల్లదు. మొత్తం తెచ్చి మొత్తం తీస్కపో."

"రెండు పుస్తెలే సేటూ. చిటికెన వేలంత లేవు. ఆమె మొగడు పానం మీదున్నడు."

"రేపు ఇంకొకరు వస్తరు, మా అమ్మ పానం మీదున్నదంటరు. మంచియన్నీ మీరు ఏరుకపోతే మిగిలినదాన్ని ఒకటిన్నర మిత్తికే నేనెట్ల ఉంచుకోవాలె? తక్కువ మిత్తికి ఎందుకిచ్చిన? మూట పెద్దదని ఇచ్చిన. నువ్వే కట్టమంటివి కదా అమ్మా."

పీట పక్కన గ్లాసులో నీళ్లు అట్లాగే ఉండగా సక్కుబాయి లేచి వచ్చింది.

ఇక మిగిలింది తక్కిన ఏడు ఇండ్లవాళ్లను తమ వంతు తెమ్మని అడగడమే. ఆ యేడు వాన కురిసింది, జొన్న ఏపుగా నిలబడింది, కానీ కోతకు ఇంకా రెండు నెలలుంది. చేతిలో సరిపడా పైసలున్న ఇల్లు లేదు. అడగబోతే పోయినేడు పొగిడిన నోళ్లే తిరగబడ్డాయి.

"నా కడియాలు గాళ్ల కమ్మలతోని ఎందుకు కలిపినవ్? నన్నడిగినవా?" అంది బుచ్చమ్మ.

"మిత్తి తక్కువైతదని..."

"తక్కువ మిత్తి నువ్వే నాక్కో. నా దగ్గర ఇరవై రూపాయలున్నయి. నా ఒక్కదానియి ఇప్పిస్తనంటె ఇస్త. భాగ్యమ్మ పుస్తెల కోసం నా పైసలు ఎందుకు పెట్టాలె?"

చంద్రమ్మ నెమ్మదిగా చెప్పింది. కానీ చెప్పింది అదే. "అందరియ్యంగ నేనిస్త అక్కా. మొదలు నేనియ్య." ఏడు ఇండ్లలోనూ అదే మాట. ఎవరూ మొదలు కాలేదు.

సక్కుబాయికి గుట్టవారన రెండెకరాల చెల్క ఉంది. రాయి కంట్రాక్టు చేసే చలపతిరావు బెజవాడ వైపు నుంచి వచ్చి ఊళ్లో కిరాయికి ఉంటున్నాడు. పోయి ఆ చెల్క కొనమని అతణ్ణి అడిగింది.

"ఆ బండల్లో నేనేం పండించుకోనమ్మా?" అన్నాడు చలపతిరావు. "రాయి కావాలంటే సర్కారు గుట్ట ఉండనే ఉంది కదండీ. ఊరికే ఇచ్చినా పన్ను కట్టలేక చావాలి. వేరేవాళ్లని అడగండి."

వేరేవాళ్లు లేరు. పటేల్ నవ్వి లోపలికి పోయాడు. చివరికి ఇంట్లో ఉన్న రెండు మేకలను అమ్మితే నలభై అయిదు వచ్చాయి. భాగ్యమ్మ డెబ్బై ఒకటీ, తన నలభై అయిదూ కొంగున కట్టుకొని దీపావళి ముందురోజు పొద్దున్నే బయలుదేరింది.

దుకాణానికి సున్నం వేస్తున్నారు. కొత్త బహీ ఎర్రగుడ్డలో చుట్టి పెట్టి ఉంది. సేటు లెక్క చూసి చెప్పాడు. మూట మొత్తం మీద ఏడాది మిత్తి నూటపన్నెండు. అది కడితే చిట్టీ మారుతుంది, మూట ఇంకో ఏడాది బతుకుతుంది. కట్టకపోతే రేపటితో సరి.

సక్కుబాయి ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. డబ్బు వెనక్కి తీసుకుపోతే భాగ్యమ్మ డబ్బు భాగ్యమ్మకు దక్కుతుంది, పుస్తెలు పోతాయి. డబ్బు కడితే పుస్తెలు కరగవు, కానీ ఇంటికీ రావు. ఆ ఆడకూతురు ఏడాది కొట్టిన రాయంతా ఏడు ఇండ్ల మిత్తికి పోతుంది. ఊరికి పోయి అడిగి వద్దామంటే పొద్దు లేదు. ఈసారి అడగాలని ఉంది. అడిగే వీలు లేదు.

లేచి నూటపన్నెండు కట్టింది. నాలుగు రూపాయలు మిగిలాయి. బస్సు ఎక్కలేదు. ఊరిదాకా నడిచింది.

భాగ్యమ్మ గుడిసె ముందు పేడతో అలికి ఉంది. లోపల మొగిలి గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. ఆ వేళకు అతన్ని కూర్చోబెట్టింది ఎందుకో సక్కుబాయికి అర్థమయింది.

"తెచ్చినవా వదినా?" అన్నాడు.

సక్కుబాయి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. భాగ్యమ్మ కేక వేయలేదు, తిట్టలేదు. "అయితె పైసలు గూడ పాయెనా అక్కా?" అని మాత్రం అడిగింది. మొగిలి, "నన్ను పండబెట్టు" అన్నాడు.

కార్తీకం సగంలో అతను పోయాడు. పదో రోజున భాగ్యమ్మ మెడ నుంచి తెంపడానికి పసుపుకొమ్ము తప్ప ఏమీ లేదు. తెంపే ముసలమ్మ దారాన్ని అటూ ఇటూ జరిపి, ఇంతేనా అన్నట్టు చుట్టూ చూసింది. అక్కడున్న ఆడవాళ్లలో ఏడుగురు తల వంచుకున్నారు.

పుష్యమాసానికి జొన్న కల్లం దాటింది. ఆ యేడు పంట పదేండ్లలో లేనంత. బుచ్చమ్మే మొదటగా వచ్చి డబ్బు పెట్టింది. ఆమె వెనకే తక్కినవాళ్లు. భాగ్యమ్మ వంతు కూడా వాళ్లే వేశారు. సక్కుబాయి మూట విడిపించి తెచ్చి, వాకిట్లో గుడ్డ పరిచి, దాచిన పోగులు ఒక్కొక్కటే చూసుకుంటూ ఎవరిది వాళ్లకు ఇచ్చింది. ఒక్క గుండు పోలేదు. ఒక్క కడియం మారలేదు.

పుస్తెలు పట్టుకొని భాగ్యమ్మ దగ్గరికి పోయింది. భాగ్యమ్మ గుట్ట కింద రాయి కొడుతోంది. చేయి చాపలేదు.

"నేనేం చేసుకోవాలె అక్కా?"

"నీయే గదనె."

"అప్పుడు నాయి." సుత్తి ఎత్తింది. "అమ్ముకరా. కొత్త సుత్తి కొనాలె, దీని కట్టె వదులైంది."

సక్కుబాయి మరునాడు కార్వాన్ పోయింది. సేటు పుస్తెలను గీటురాయి మీద రాశాడు, తూచాడు, ధర చెప్పాడు. ఆమె సరే అంది. డబ్బు తెచ్చి భాగ్యమ్మకు ఇచ్చింది. భాగ్యమ్మ లెక్క పెట్టుకొని కొంగున కట్టుకుంది.

ఆ తర్వాత సక్కుబాయి మరో ఇరవై ఏండ్లు బతికింది. ఎవరైనా సొమ్ము పట్టుకొని గడప దగ్గరికి వస్తే, కాళ్లు నొస్తున్నాయని చెప్పి పంపేది. అదే కాళ్లతో ఆమె రోజూ గుట్ట దాకా పోయి, భాగ్యమ్మ కొట్టిన కంకర గంపలకెత్తి వచ్చేది. కూలి అడగలేదు. భాగ్యమ్మ వద్దనలేదు, రమ్మనలేదు.