ఎర్రయ్య కుట్టిన టాపు

తెల్లదొర వదిలివెళ్ళిన రెండు సీట్ల రేసు కారుని ఇంటి దగ్గరే బాగుచేసుకుంటున్నాను. కొత్త కార్బురేటరు పెట్టాక జోరు పెరిగింది కానీ, ఆ జోరుకి గుడ్డ టాపు చిరిగిపోతోంది. టాపు నిలవకపోతే వానాకాలమంతా కారు పాకలోనే. అందుకని కళింగపట్నంలో పడవలకు తెరచాపలు కుట్టే ఎర్రయ్య చేత ఈ రోజు తెరచాప గుడ్డతోనే టాపు కుట్టించాను.

అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం ఒడ్డు రోడ్డు మీద జోరుగా తోలాను. టాపు చెక్కుచెదరలేదు. ఎర్రయ్య దాన్ని అరచేత్తో తడిమి చూసి, "సాప గాలి పట్టీసినాది బాబూ. ఇంక ఇంజనెందుకు, ఆపీయి" అన్నాడు.

ఆపాను. కారు అలాగే చాలా దూరం వెళ్ళింది. చూశావా అన్నట్టు నావైపు చూశాడు. అది అంతదాకా ఇంజను ఇచ్చిన ఊపే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీకైతే వచ్చేదా?