అక్కి మీద సింహం

మా తోటికోడలి హస్తవాసిని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లెలో కుమ్మరి ఇల్లు. ఒంటిమీద అక్కి లేస్తే చుట్టుపక్కల వాళ్లంతా మా గడపకే వస్తారు. ఎర్రమన్ను కలిపి, ఆ పొక్కుల మీద సింహం బొమ్మ గీస్తే తగ్గుతుందని నమ్మకం. గీయడం పెద్దకోడలి పని. నేను చిన్నకోడలిని, మన్ను నూరి ఇవ్వడం నా పని.

రోగం గుర్తుపట్టే చూపులో నేనేం తీసిపోలేదు. గుండ్రంగా అంచు లేచి దురద పెడితే తామర. వేళ్ల సందుల్లో పొక్కులొచ్చి రాత్రంతా గోక్కుంటుంటే గజ్జి. మెడమీద తెల్లగా, సన్నటి పొట్టుతో మచ్చలుంటే శోభి. ఒంటికి ఒక పక్కనే గుత్తులుగా నీటిపొక్కులు లేచి భగభగమంటే అక్కి. మనిషి అరుగెక్కకముందే నాకు తెలిసిపోయేది. నోరు విప్పితే మాత్రం "నువ్వుండమ్మా, పెద్దామెను రానీ" అనేవాళ్లు. పోతూ పోతూ అక్క ఒళ్లో వేరుశనక్కాయలు పోసేవాళ్లు. నాకు కుళ్లు పుట్టకుండా ఎట్లా ఉంటుంది?

పోయిన ఎండాకాలం మా అత్తకే అక్కి లేచింది, నుదుటికి ఎడమ పక్క. అక్క సింహం గీసింది. మర్నాటికి ముక్కు కొనమీద కూడా పొక్కులు లేచాయి, కన్ను ఎర్రబడింది.

"అక్కా, ఇది కంట్లోకి దిగుతాంది. ఆదోనికి పోదాం" అన్నాను.

"మన్ను ఎండితే అదే తగ్గుతాది. నూరేదానివి, నీకేం తెలుసు?" అంది.

ఆ మాటతో నాకు ఎక్కడలేని పంతం వచ్చింది. అత్త ముఖం కడిగి, ఆటో ఎక్కించి, ఆదోనిలో కంటి డాక్టరు ముందు కూర్చోబెట్టాను.

"ఇంకా ఆలస్యం చేసుంటే చూపు పోయేదమ్మా" అన్నాడాయన. ఆ మాట మా ఊరంతా వినాలనిపించింది. అత్తకు చెవుడు, కాబట్టి విన్నది నేనొక్కదాన్నే.

అక్కడే ఉంచి మందులిచ్చారు. వాపు తగ్గి కన్ను తెరుచుకున్న పొద్దున ఎదురుగా నేనే ఉన్నాను, చుక్కల మందు చేత్తో పట్టుకుని. అత్త నన్ను, కిటికీని, మళ్లీ నన్ను చూసింది. చూపు బాగానే ఆనుతోంది. నా గుండె పొంగింది.

"పెద్దది యాడుంది?" అంది. "ఆయమ్మ సింహం గీసినందుకే కన్ను దక్కింది. ఫోన్ చేసి సెప్పు."

ఫోన్ కలిపి అత్త చేతికిచ్చాను.