పళ్ళెంలో దుమ్ము

కొలిమక్కకి శుభ్రం పిచ్చి. ప్రయోగశాలలో సగంమందికి ఆవిడ అసలు పేరు తెలియదు. కొలిమి దగ్గరే తల నెరిసిందని ఆ పేరే ఖాయమైపోయింది. "నీ సంసారం దాంతోనే కదక్కా," అని చెల్లెలు దెప్పితే నవ్వి ఊరుకునేది. అబద్ధమైతే కదా కోపం రావడానికి.

నికెల్‌లో అల్యూమినియం కలిపి కాలిస్తే, గాలి తగిలి పైన సన్నటి పొర కడుతుంది. అది అంటిపెట్టుకున్నంతకాలం లోపలి లోహానికి ఢోకా లేదు. చల్లారగానే పొట్టులా రాలిందా, కథ ముగిసినట్టే. దాన్ని పట్టి ఉంచాలని ఆవిడ ఒక ముక్కలో చిటికెడు జిర్కోనియం కలిపింది, ఇంకోదాంట్లో క్రోమియం. కాల్చడం, చల్లార్చడం, తూచడం. ఏళ్ళ తరబడి అదే పని. గాలిని తిన్నకొద్దీ ముక్క బరువెక్కుతుంది. జిర్కోనియం ముక్క మెల్లగా బరువెక్కుతూ పోయింది. క్రోమియం ముక్కలో ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ క్రోమియం ముక్కని నెత్తిన పెట్టుకుని, జిర్కోనియం ముక్కని తుక్కులో పారేసింది.

ఈ నెలాఖరుకి రిటైర్మెంటు. రేపు ఇంజన్లు చేసేవాళ్ళు ముక్కని చూడటానికి వస్తున్నారు. చెల్లెలికి ఒంట్లో బాగోలేక సెలవు పెట్టి, ఇవాళే పనిలోకి వచ్చింది.

"మీరు లేనప్పుడు నేను తూచాను. మీ ముక్క బరువు ఎగబాకిందక్కా," అన్నాడు పక్క బల్ల ఆయన.

"తూచేముందు బ్రష్‌తో దులిపావా? ముక్క కాల్చిన పళ్ళెం తుడిచావా?"

"లేదు. ఏదో రాలి ఉంటే దాన్నీ కలిపే తూచాను."

తిట్టబోయి పళ్ళెంలోకి చూసింది. అడుగున బూడిదరంగు రేకులు. ఇన్నాళ్ళూ వాటిని కొలిమి ఇటుకల దుమ్ము అనుకుని, తూచేముందు ప్రతిసారీ దులిపి పారబోసింది. రాలింది పొర. గాలి తిని పెరిగిన బరువు దాంతోపాటే పోతూ వచ్చింది; ముక్క బరువు పెరగకపోవడానికి కారణం అదే.

ప్రయోగశాల పెద్దాయన వచ్చి చూసి గొంతు తగ్గించాడు. "ఎప్పట్లాగే దులిపి తూచండమ్మా. రేపటి గండం గడిస్తే చాలు."

"ఆ ఇంజన్ నమ్ముకుని మనుషులు ఎక్కుతారు సార్. నేను చెప్పేస్తాను."

"మరి ఆ జిర్కోనియం ముక్క?"

"పొర నిలిచింది కాబట్టే అది బరువెక్కింది. నేనే పారేశాను సార్. మళ్ళీ పోసి, కాల్చి తేల్చాలంటే ఏళ్ళు పడుతుంది."

ఆ ఏళ్ళు ఆవిడకి లేవని ఇద్దరికీ తెలుసు.

ఇంటికెళ్ళి చెల్లెలి మంచం పక్కన కూర్చుంది. మందుల బల్ల మీద దుమ్ము పేరుకుంది. అలవాటుగా చెయ్యి చాపి, మధ్యలోనే ఆపేసింది.

"తుడవవేంటక్కా?" అంది చెల్లెలు.

కొలిమక్క చాచిన చేతిని వెనక్కి తీసుకుని, తన ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.