గిరినాగు కోసం పెట్టించిన సంతకం

మా సంఘంలో ఆరుగురం. మిగతా అయిదుగురికీ అడవి తెలుసు. నాకు ఇంగ్లీషు ఫారాలు నింపడం తెలుసు. అనకాపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను కాబట్టి, ప్రభుత్వ గ్రాంటు సంపాదించే పని నాకు అప్పగించారు. "ఈ ఒక్కసారికి చూడండి మేడమ్" అన్నారు. ఆ ఒక్కసారి నాలుగేళ్లు సాగింది. ప్రతి దరఖాస్తులోనూ ప్రాజెక్టు లీడర్ అన్నచోట నా పేరే ఉండేది.

మేము కాపాడాలనుకున్నది గిరినాగుని, అంటే కింగ్ కోబ్రాని. మాడుగుల వైపు కొండల కింద జీడితోటల్లో, వెదురు పొదల దగ్గర, వేసవి మొదట్లో ఆడపాము రాలిన ఆకుల్ని ఒంటితో లాగి కుప్ప చేసి అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికొచ్చేదాకా రెండు నెలలకు పైనే పడుతుంది. ఈలోగా ఎవరి కంట పడినా తల్లినీ చంపుతారు, గుడ్లూ చితగ్గొడతారు. అందుకని గూడు చుట్టూ వల కట్టి, పగలంతా ఒక మనిషిని కాపలా పెట్టేవాళ్లం. ఆ మనిషి అంతకుముందు బెల్లం గానుగలో పాకం కాచేవాడు. ఒకప్పుడు పాముల్ని తనూ చంపినవాడే. ఇప్పుడు ఎండలో కూర్చుని పాముకి కాపలా కాస్తున్నాడని ఊళ్లో నవ్వితే తనూ నవ్వేవాడు.

మొదటి ఏడాది అతనే ఫోన్ చేసి నన్ను ఒక తోటకి రమ్మన్నాడు. తోట రైతుకి యాభై దాటి ఉంటాయి. రెండెకరాల డీపట్టా భూమి, వాళ్ల నాన్నకి ప్రభుత్వం ఇచ్చింది. వెదురు పొద కింద ఆకుల కుప్ప మీద పాము చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. రైతు కాస్త దూరంలో కర్ర పట్టుకుని నిలబడ్డాడు, పాముని కొట్టడానికి కాదు, కొట్టడానికొచ్చిన పక్క తోటవాళ్లని ఆపడానికి.

"పిల్లల తల్లమ్మా అది. గుడ్ల మీదున్నదాన్ని ఎలా కొడతాం?" అన్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచాడు. "వల కట్టుకోండి, కాపలా పెట్టుకోండి, ఏటి కావాలన్నా సేసుకోండి. నా పేరు మాత్రం ఏ కాయితంలోనూ ఎక్కించకండి. డీపట్టా బూమి నాది. ఇక్కడ అడివి జంతువుందని పైవోళ్లకి తెలిత్తే, ఇది అడివేనని లాగేసుకుంతారు."

"రాయనండీ" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ ఏడాది పిల్లలు బయటికొచ్చాయి. మరుసటి ఏడూ, ఆ పై ఏడూ పాము అదే పొదకి వచ్చింది. రైతు భార్య మాకు జీడిపళ్లు కోసిపెట్టేది. నేను మాటకి కట్టుబడి, ఏ దరఖాస్తులోనూ ఆ తోట ఊసెత్తలేదు. ఏ గ్రాంటూ రాలేదు. తలా ఇంత వేసుకుని కాపలా మనిషికి ఇస్తూ వచ్చాం.

నాలుగో ఏడు ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి కబురొచ్చింది. మా ప్రతిపాదన చివరి వడపోతకి వచ్చిందట. సంతోషంగా విశాఖపట్నం వెళ్లాను. అక్కడి అధికారి మంచివాడే. కుర్చీ వేయించి కూర్చోబెట్టి ఫైలు తిరగేశాడు.

"అంతా బాగుంది మేడమ్. గూడున్న భూమి యజమాని అంగీకార పత్రం ఒక్కటి లేదు. సర్వే నంబరుతో సహా కావాలి."

"ఆయన ఇవ్వరండీ. భయపడతారు."

"వేరే తోటలు లేవా?"

"ఇద్దర్ని అడిగాం. కాదన్నారు. వరసగా మూడేళ్లు గూడు పెట్టింది ఆ ఒక్క తోటలోనే."

"అయితే అదే తెండి. సోమవారం మధ్యాహ్నం దాటితే ఫైలు నా చేతిలో ఉండదు."

ఆ రోజు గురువారం. తిరుగు బస్సు సబ్బవరం దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. ఫైలు గుండెకి ఆనించుకుని రాడ్ పట్టుకుని నిలబడ్డాను. ముందుకి జరగడానికి లేదు, వెనక్కి జరగడానికి లేదు. కాపలా మనిషి ఆ వారమే చెప్పాడు, అచ్యుతాపురం కంపెనీలో సెక్యూరిటీ పనికి పిలుస్తున్నారని. "మీరు ఉండమంటే ఉంతాను మేడమ్, కానీ ఇంట్లో ఊరుకోవట్లేదు" అన్నాడు. అతను పోతే గూళ్లకి దిక్కు లేదు. గ్రాంటు రాకపోతే అతను ఉండడు. సంతకం లేకపోతే గ్రాంటు రాదు. అడిగితే రైతు పెట్టడు. ఎటు నుంచి మొదలుపెట్టినా ఆలోచన అక్కడికే వచ్చి ఆగేది. ఫోన్‌లో సంఘం వాళ్లు ఒకటే మాట, "మీరు అడిగితే కాదనడు మేడమ్. మీ మీద గౌరవం ఉంది."

ఆ గౌరవాన్నే వాడుకున్నాను.

శనివారం కాలేజీ అవగానే కాపలా మనిషి బండి ఎక్కి తోటకి వెళ్లాను. నా సంచిలో మూడు కాగితాలున్నాయి. ఒకటి వల ఇచ్చినట్టు రసీదు. ఒకటి మేము తోటకి వచ్చిపోయిన రోజుల పట్టీ. మూడోది అంగీకార పత్రం. మూడూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. రైతు చేతులు తుడుచుకుని మంచం మీద కూర్చున్నాడు.

"ఏటి రాసుందమ్మా ఇందులో?"

"వల ఇచ్చినట్టండీ" అన్నాను. మొదటి కాగితం మీద వేలు పెట్టి అన్నాను.

ఆయన మూడింటి మీదా సంతకం చేశాడు. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, సరిగ్గా పడిందో లేదో చూసుకుంటూ చేశాడు. అంతసేపూ నేను పక్కనే నిలబడ్డాను. ఏ క్షణాన అయినా ఆ మూడో కాగితం వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. తాగాను.

తిరుగుదారిలో ఊరు దాటాక, కాపలా మనిషి తల తిప్పకుండానే అడిగాడు. "మూడు కాయితాలకీ ఒక్క మాటే సెప్పేరేటి మేడమ్?"

నేను సంచి ఒళ్లో సర్దుకుని, దారి చూసి నడపమన్నాను.

గ్రాంటు వచ్చింది. కాలేజీలో ప్రిన్సిపాల్ ప్రార్థన సమయంలో పిల్లలందరి ముందూ నాకు శాలువా కప్పించారు. చప్పట్లు కొడుతున్న పిల్లల వైపు చూడలేక నేల చూశాను. సంఘంవాళ్లు స్వీట్లు పంచారు. ఎవరికైనా చెప్పుకుందామంటే, విన్నవాళ్లు "పోన్లెండి, మంచి పనికే కదా" అంటారని తెలుసు. ఆ మాట వినడం నాకిష్టం లేదు.

జనవరిలో సర్వే సిబ్బంది తోటకి వెళ్లారు. నాకు చెప్పలేదు. గట్టు మీద పసుపు రంగు రాయి పాతి, నంబరు వేసి, రైతుకి ఆయన సంతకమే చూపించారు. రెండు రోజుల తర్వాత కాపలా మనిషి ఫోన్ చేశాడు. "రైతు మామ వెదురు పొద కాల్చేసేడు మేడమ్. మొదలంటా కాల్చేసేడు."

వెళ్లేసరికి పొద ఉన్నచోట నల్లటి మోళ్లు మిగిలాయి. కింద ఆకన్నది లేకుండా ఊడ్చేసి ఉంది. రైతు నన్ను చూసి లేవలేదు.

"తప్పు చేశానండీ. అది వల కాగితం కాదు. తెలిసే పెట్టించాను" అన్నాను.

"తెలుసమ్మా. ఆ సర్వేయరు సదివి సెప్పేడు." కోపంగా అనలేదు. "పాముంటే కదా అడివి అంతారు? ఇంక రాదులే. గుడ్లెట్టడానికి సోటు లేకుండా సేసేను."

"నేను రాసి మీ తోట పేరు తీయించేస్తాను."

"మీరు సదువుకున్నోరు. ఏటైనా రాయగలరు" అన్నాడు.

ఆ వేసవిలో గిరినాగు ఆ తోటకి రాలేదు. ఇంకెక్కడికి పోయిందో మాకు తెలీలేదు.

తోటని తొలగించమని ఉత్తరం పెట్టాను. ప్రాజెక్టు మధ్యలో ప్రాంతం మార్చడం కుదరదు, కావాలంటే మొత్తం రద్దు చేసుకోండి అని జవాబొచ్చింది. నేను తప్పుకుంటానని సంఘంలో చెప్పాను. ఒప్పందం మీ పేరు మీద ఉంది, మీరు పోతే అందరం పోయినట్టే అన్నారు. గడువు ముగిసేదాకా, మూడు నెలలకోసారి, అన్నీ సక్రమంగా సాగుతున్నాయని నేనే నివేదిక రాశాను. రాసిన ప్రతిసారీ ఆ సర్వే నంబరు మళ్లీ టైపు చేయాల్సి వచ్చేది.

ఆఖరి నివేదికలో ఒక పేరా అదనంగా రాశాను. భూమి యజమానికి విషయం చెప్పకుండా నేను సంతకం తీసుకున్నానని, ఆ అంగీకారం చెల్లదని. ఆ పేరా తీసేసి పంపమని ఫైలు వెనక్కి వచ్చింది. తీయకుండా పంపాను. మళ్లీ వచ్చింది. మళ్లీ పంపాను. అధికారి ఫోన్ చేసి, "మేడమ్, ఇది ఫైల్లో ఉంటే మీ సంఘానికి ఇంకెప్పుడూ గ్రాంటు రాదు, ఆలోచించుకోండి" అన్నాడు. ఆలోచించుకున్నానని చెప్పాను. సంఘంలో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. కాపలా మనిషి కంపెనీ పనికి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు మా ఇంటికి వచ్చి, "మీరు సేసింది మంచిదే మేడమ్. కొంచెం ముందే సెయ్యాల్సింది" అన్నాడు.

ఎన్నాళ్లకో ఆ సర్వే నంబరు తొలగించినట్టు తెలుగులో ఉత్తరం వచ్చింది. పట్టుకుని తోటకి వెళ్లాను. రైతు గట్టు మీదే ఉన్నాడు. నేను చదవబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఉండమ్మా. మా కోడలు సదువుద్ది."

కోడలు ఇంట్లోంచి వచ్చి ఉత్తరం అందుకుంది. మొదటి అక్షరం నుంచి ముద్ర దాకా పైకి చదివింది. ఒక చోట ఆయన మళ్లీ చదవమన్నాడు. చదివింది. ఆమె ముగించేదాకా నేను ఎండలో నిలబడ్డాను.