సారు పట్టుబట్టిన చుక్క

మా పాపకు కాలేజీలో ఫిజిక్సు చెప్పిన సారు పోయిన వారం కుప్పంలో కాలం చేశారు. ఆ మాట ఫోన్లో విన్నప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పాపకు డాక్టరేటు వచ్చి నెల కూడా కాలేదు. వీధంతా లడ్లు పంచినాను, ఇంకా నా కాళ్ళు భూమ్మీద ఆనడం లేదు. కుప్పం పోయి కప్పుదామని సారుకు శాలువా కొని పెట్టుకున్నాను. కొన్నాళ్ళు ఆగగూడదా ఆ మనిషి? ఆగడు. నా మాట ఎప్పుడు విన్నాడు గనక!

నాది పుంగనూరులో చిల్లరంగడి. చదువు ఐదో తరగతితో సరి. అప్పట్లో పాప రోజూ బస్సెక్కి మదనపల్లె కాలేజీకి పోయేది. ఒక సాయంత్రం సారు కూడా అదే బస్సు దిగి నేరుగా అంగడికొచ్చినారు. "నీ కూతురు చుక్కల లెక్కలు చదవాలప్పా" అన్నారు. బేరానికొచ్చిన జనం నిలబడి ఉండారు. "చుక్కలకు లెక్కలేంది సార్?" అన్నాను. అడగడమే పాపమయింది.

పొట్లాలు కట్టే దారం లాక్కుని, దానికి బెల్లమచ్చు కట్టి, అంగడి ముందర గిరగిరా తిప్పినారు. జనం పక్కకు దూకినారు.

"సూడప్పా, ఇంత జోరుగా తిరుగుతాండాది, అయినా ఎగిరిపోలా. దారం పట్టుకోనుండాది. దారం కనపడకపోయినా, బెల్లం జోరు సూసి పట్టు ఎంతో చెప్పొచ్చు. మన నక్షత్రాల గుంపులోనూ అంతే. శానా జోరుగా పొయ్యే చుక్కల్ని పట్టి ఉంచేదానికి కనపడే బరువు చాలదు. కనపడని బరువేదో ఉండాది."

ఇంకా జోరు పెంచినారు. దారం పుటుక్కుమనింది. బెల్లం పోయి ఎదురుగా కాలవలో పడింది.

"సార్, నా బెల్లం!"

"పోతేనే కదప్పా పట్టు ఎంతవరకో తెలిసింది!"

ఆ కనపడని బరువు మీదే పాప బెంగుళూరులో పరిశోధనకు చేరింది. ఏండ్లు గడిచినాయి. ఇంక రాసింది ఇచ్చేయడమే అనుకునే వేళకు, రిటైరై కుప్పంలో ఉన్న సారుకు తీసుకుపోయి చూపించింది. అన్నిటికంటే జోరుగా పొయ్యే ఒక చుక్క మీద ఆయన వేలు పెట్టినారు. "ఇది మన గుంపుదేనా, దారిన పొయ్యేదా?" పాప ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఆ చుక్క మనది కాకపోతే లెక్కంతా మళ్ళీ చేయాల. గడువు దాటితే ఇన్నేండ్ల చదువూ గంగపాలు.

నేను బస్సెక్కి కుప్పం పోయి పోట్లాడినాను. "ఇన్ని చుక్కల్లో ఒగటి అటో ఇటో అయితే ఏం సార్? బిడ్డ బతుకుతో ఆడుకుంటాండారా?"

ఆయన నా పళ్ళెంలో ఇంకో సంగటి ముద్ద వేసినారు. "దారిన పొయ్యేవాణ్ణి ఇంటి మనిషనుకుంటే ఎసట్లో పిండి ఎక్కువ పడదా? ఇదీ అంతే. లేని బరువు ఉండాదని రాస్తాది నీ బిడ్డ. తిను."

కోపంలోనే తిన్నాను, ఏం చేసేది!

జవాబు తేలేదాకా సారుకు మొగం చూపించనని పాప పంతం పట్టింది. గడువు ముంచుకొచ్చేదాకా ఆ చుక్క లెక్కే మళ్ళీ మళ్ళీ చూసింది. ఆ చుక్క దారిన పొయ్యేదే! దాన్ని తీసేస్తే కనపడని బరువు తగ్గింది. పరీక్షలో పెద్దలు మొదట అడిగింది కూడా ఆ చుక్క గురించేనంట. నా బంగారు తల్లి నిలబడి జవాబు చెప్పింది.

సంతోషం పట్టలేక నేనే సారుకు ఫోన్ చేసినాను. "సార్, పాప డాక్టరయింది!"

"అది సరే. ఆ చుక్క ఏమయింది?"

తల కొట్టుకున్నాను. "మనది కాదంట సార్."

అవతల తలుపు తెరిచిన చప్పుడయింది. ఫోన్ పెట్టకుండానే మనిషి ఎటో పోయినాడు. "డాక్టరేటు సార్, డాక్టరేటు!" అని నేను అరుస్తానే ఉండాను. కాసేపటికి దూరంగా, వీధిలోనుంచి, ఆయన గొంతు వినబడింది. బండి తోసుకుని పొయ్యే ఎవరినో నిలబెట్టినట్టుంది.

"ఏమప్పా, నిలబడు! మా పాప తేల్చేసింది! అది మనది కాదంట!"

"ఏది సార్?" అన్నాడు ఆ బండాయన.

సారు మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టినారు. అంగడిలో జనం పిలుస్తాండారు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని వింటానే ఉండిపోయినాను.