పెరటి గుమ్మంలోంచి బడికి

నా చిన్నప్పుడు మా ఇంటికి రెండు గుమ్మాలు. పెరటి గుమ్మంలోంచి బయటికి వెళ్ళేటప్పుడు నేను ఇంటిపిల్లని. ఇల్లు చుట్టి వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చేసరికి బడిపిల్లని. ఈ ఏర్పాటు మా పెద్దమ్మది.

ఎనిమిదో తరగతి అయ్యేసరికి నాకు పదమూడేళ్ళ నాలుగు నెలలు. హైస్కూలు ఏడు మైళ్ళ దూరం, మధ్యలో ఏరు దాటాలి. ఆడపిల్లను పంపనన్నారు నాన్న. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసే పెద్దమ్మ వచ్చి, ఇంట్లోనే చదివించి ప్రైవేటుగా మెట్రిక్ కట్టిస్తానంది. ముందు గది ఖాళీ చేయించి, నోటుబుక్కులో గీతలు గీసి హాజరు పట్టీ తయారుచేసింది. అందులో ఉన్నది నా ఒక్కదాని పేరే.

మొదటి రోజు సోమవారం. ఏడింటికి బడి, ఎనిమిదిన్నరకు పెద్దమ్మ డ్యూటీకి వెళ్ళాలి. జడలు వేసుకుని, సంచీ తగిలించుకుని పెరట్లోంచి బయలుదేరాను. పక్కింటి అక్క చూసి, ఇంట్లోంచి ఇంట్లోకి ఎక్కడికే ప్రయాణం అని నవ్వింది. నేనూ నిలబడి నవ్వాను. లోపలికి వచ్చేసరికి ఏడు దాటి రెండు నిమిషాలు. పెద్దమ్మ అప్పటికే ఎర్రసిరాతో ‘రాలేదు’ అని రాసేసి, కలానికి మూత పెడుతోంది.

“మన ఇల్లే కదా పెద్దమ్మా, రెండు నిమిషాలకేంటి?”

“ఇల్లు ఆ తలుపవతల ఉంది. ఇది బడి.”

ఆ రోజు పాఠం చెప్పలేదు. నేను ఎంత ఏడ్చినా చెప్పలేదు. గంటన్నర ముందే గొడుగు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయింది. రెండేళ్ళలో నాలుగు వందల ముప్పై ఒక్క రోజులు బడి నడిచింది. ఆ సోమవారంతో కలిపి నేను పోగొట్టుకున్నవి నాలుగే. మెట్రిక్ పాసయ్యాను. తరవాత నేనూ నర్సునయ్యాను.

2006 సెప్టెంబరులో నేను సౌదీ వెళ్ళాను. మా అమ్మాయీ నర్సే. దమ్మామ్ నుంచి జిజాన్ పక్కనున్న చిన్న ఊరి ఆసుపత్రికి మారింది. అక్కడ మన పిల్లలు చదివే బడి లేదు. పదో తరగతి మనవరాలికి ఓపెన్ స్కూల్ పుస్తకాలు తెప్పించారు. ఆ పుస్తకాలు సోఫా కింద, పిల్ల సోఫా మీద. మా అమ్మాయి కాకినాడ హాస్టల్ ఫారం నింపి ఫ్రిజ్ మీద అంటించింది. డిసెంబరు ఆఖరులోగా పంపాలి.

“ఇంట్లో కూర్చుంటే చదువు అవుతుందా అమ్మా? నేను డ్యూటీకెళ్ళగానే టీవీ పెడతది.”

మనవరాలు తండ్రి లేని పిల్ల. తల్లిని వదిలి ఉండలేదు. ఆ ఫారం వైపు చూడకుండా ఫ్రిజ్ తెరవడం నేర్చుకుంది.

నాది తొంభై రోజుల విజిట్ వీసా. ప్రయాణాలు, అక్కడి సెలవులైన గురు, శుక్రవారాలు తీసేస్తే బడికి మిగిలేవి అరవై రెండు రోజులు. శనివారంతో మొదలయ్యే పట్టీ గీశాను. ఆ ఫ్లాటుకు ఒకటే గుమ్మం. అందుకని మూడంతస్తులు దిగి, గేటు ముట్టుకుని, ఏడింటికల్లా మళ్ళీ ఎక్కి రావాలన్నాను.

గేటు దగ్గర కాపలా ఉండేది కరీంనగర్ ఆయన. మొదటి రోజే ఆయన గొంతు మెట్లమీదుగా పైకి వినిపించింది.

“ఏం బిడ్డా, పొద్దుగాల్నే సంచేసుకొని ఏడికి వోతున్నవ్?”

“బడికి, అంకుల్.”

“బడి మన బిల్డింగుల్నే ఉన్నదా? గేటు కాడ కూసునేటోణ్ణి, నాకే ఎరుకలేకపాయె!”

పిల్ల నవ్వుతూ పైకి వచ్చేసరికి నాలుగు నిమిషాలు ఆలస్యం. నా చేతిలో కలం ఆగింది. ఉన్నవే అరవై రెండు రోజులు, అందులో ఒకటి పారేయడమా అనిపించింది. పెద్దమ్మకు కూడా ఆనాడు ఇలాగే అనిపించి ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. రాలేదు అని రాశాను. మనవరాలు తలుపు ధడేలున వేసుకుంది. మర్నాడు మూడు నిమిషాలు ముందే వచ్చింది. మిగిలిన అరవై ఒక్క రోజుల్లో ఒక్కటీ పోలేదు.

డిసెంబరు మొదట్లో నేను వచ్చేశాను. ఫారం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. అమ్మమ్మ ఉంది కాబట్టి చదివింది, రేపట్నుంచి చూడాలి అంది మా అమ్మాయి. పట్టీ, ఎర్రకలం పిల్ల చేతికిచ్చాను.

నేను వచ్చాక మూడో శుక్రవారం ఫోన్ చేసినప్పుడు పట్టీ చదివి వినిపించమన్నాను. శని, ఆది, సోమ, వచ్చాను, వచ్చాను అంటూ వెళ్ళి, మంగళవారం దగ్గర ఆగింది.

“రాలేదు, అమ్మమ్మా.”

“ఎవరు రాశారు?”

“నేనే. టీవీ చూస్తూ కూర్చున్నా. అమ్మ డ్యూటీలో ఉంది.”

నేను మాట్లాడేలోపు ఫోన్ తల్లి తీసుకుంది. పట్టీ తనూ చూసిందట. అన్నీ వచ్చాను అని ఉంటే నమ్మేదాన్ని కాదమ్మా, అంది. ఫారం తీసేశానంది.

ఏప్రిల్ పరీక్షలో పిల్ల పాసైంది. ఏళ్ళు గడిచి నాకు డెబ్బై దాటాయి. ఇప్పుడు నన్ను రమ్మనేవాళ్ళూ లేరు, ఆలస్యమైందనేవాళ్ళూ లేరు. అయినా పొద్దున చదువుకోవడానికి కూర్చునే ముందు పెరట్లోంచి వెళ్ళి వీధి గుమ్మంలోంచే వస్తాను. రాని రోజు, రాలేదు అని రాసుకుంటాను.