ఉత్త మలుపు

దయ్యాల గుహకు దయ్యాలకంటే ముందు కావాల్సింది మంచి పట్టాలు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. నవ్వనీ. ఆ గుహలో కూర్చుని తల నెరిపించుకున్న మనిషిని నేను, నాకంటే ఎవరికి తెలుసు?

ప్రతి ఎండాకాలం నిజామాబాదులో ఎగ్జిబిషన్ పడుతుంది. జెయింట్ వీల్ పక్కన నల్ల టార్పాలిన్ డేరా, దాని మీద నాలుక చాపిన పెద్ద తలకాయ కనిపిస్తే అది మాదే. కట్టింది మా బాపు. ఆయన బోధన్‌లో చక్కెర మిల్లు ఫిట్టరు. మిల్లు మూతపడ్డాక చాలా రోజులు అరుగు మీద కూర్చుని ఎదుటి గోడకేసి చూశాడు. తర్వాత ఏదో పని మీద హైదరాబాదు పోయి, అక్కడి ఎగ్జిబిషన్‌లో దయ్యాల రైలెక్కి, దిగి, మళ్లీ ఎక్కి, వచ్చిన పని మరిచిపోయి ఇంటికొచ్చాడు. "గిది నేను జేస్త" అన్నాడు. అమ్మ ఉంటే తిట్టేది. అమ్మ లేదు కాబట్టి అన్నా నేనూ సరే అన్నాం.

చెరుకు బండ్లు లాగిన సన్న పట్టాల ముక్కలు తుక్కు దుకాణంలో దొరికాయి. పాత చక్కెర సంచులు విప్పి, నల్ల రంగు పూసి, కర్రలకు బిగిస్తే గోడలయ్యాయి. డేరా వేడెక్కితే ఆ గోడల్లోంచి ఇప్పటికీ తియ్యటి వాసన వస్తుంది. ఉన్న జాగా ఎంతని? అందుకే పట్టా పోయిన దారి పక్కనుంచే మళ్లీ మెలిక తిరిగి వస్తుంది. ఎక్కినవాళ్లు ఎంతో దూరం పోయొచ్చామనుకుంటారు, పోయింది మాత్రం మా డేరా చుట్టే. ట్రాలీ ముక్కు గుద్దితే తలుపు తెరుచుకుంటుంది, వెనక అది దబ్బున మూసుకుంటుంది. సగం భయం ఆ తలుపుదే. లోపల ఎడమ పక్క చిన్న లైటు వెలుగుతుంది, అందరూ అటు తిరుగుతారు, అస్థిపంజరం కుడి పక్కనుంచి లేస్తుంది. లేపేది ఎవరో కాదు, వాళ్ల ట్రాలీ చక్రమే. అది కింద చెక్కను తొక్కితే తీగ లాగుతుంది. ఆ తర్వాత మొహాలకు తగిలే తడి దారాలు, ఆ తర్వాత కొరివి దయ్యం.

కొరివి దయ్యం దాటాక ఒక పెద్ద మలుపు వస్తుంది. అక్కడ ఏమీ లేదు. లైటు లేదు, చప్పుడు లేదు, బొమ్మ లేదు. మేం దాన్ని ఉత్త మలుపు అంటాం. "ఇక్కడేం పెడుదం బాపు?" అని అన్న అడిగితే బాపు తల అడ్డంగా ఊపాడు.

"ఏం పెట్టద్దు. అన్ని మనమే సూపిస్తే ఆళ్లేం సూస్తరు? జర జాగ ఇయ్యాలె."

ఆ జాగాలోనే జనం పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటారు. ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే నా స్టూలు అక్కడే. మలుపు ఇరుకు, ట్రాలీ అప్పుడప్పుడు పట్టా తప్పుతుంది. టార్చీ, గడ్డపార పెట్టుకుని ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషిని నేను. నల్ల శాలువా కప్పుకుంటే మూరెడు దూరంలో ఉన్నా కనిపించను.

మధ్యలో పెళ్లయి వర్ని అనే ఊరికి కాపురానికి పోయాను. మా ఆయన చనిపోయాడు, పిల్లల్లేరు, తిరిగొచ్చాను. ఇప్పుడు నిజామాబాదులోనే, కంఠేశ్వర్‌లో ఒక గది, ఒక కుట్టుమిషను. జాకెట్లు ఇచ్చి పోయేవాళ్లు కొలతలు చెబుతారు, ఎప్పుడిస్తావని అడుగుతారు, అంతకుమించి మాట్లాడరు. ఏడాది మొత్తంలో నాకు మనుషులు దొరికేది ఆ మలుపులోనే. కాలవ కింద పొలాలున్న ఆంధ్రాయన ఒకాయన అంత చీకట్లోనూ "నీళ్లు ఇంకా వదల్లేదే" అన్నాడు. "ఇక్కడ కూడా నీళ్ల గోలేనా అండీ" అని ఆయన భార్య విసుక్కుంది. ఒక కోడలు "అత్తమ్మ, చెయ్యి ఇడువకు" అంది. అంతకుముందు బయట వాళ్లిద్దరూ టికెట్ల దగ్గర పోట్లాడుకోవడం సంచి గోడల్లోంచి నేను విన్నాను. ఇంకొకాయన పక్కనున్న మనిషితో "ఇగ నాతోని మాట్లాడవా?" అన్నాడు. ఆమె జవాబు వినేలోపే ట్రాలీ పోయింది. ఆ జవాబు ఏమై ఉంటుందా అని ఆ వానాకాలమంతా మిషను తొక్కుతూ ఆలోచించాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

బాపుకు ఒక పట్టింపు ఉండేది. ఒంటరిగా వచ్చిన మనిషిని ఒంటరిగా లోపలికి పంపొద్దు. మన పనివాళ్లలో ఒకరు పక్కన కూర్చోవాలి. ఒక్కడే పోయినవాడు అరవడట, అరవనివాడికి ఆ భయం లోపలే ఉండిపోతుందట. ఇప్పటికీ మా దగ్గర అదే పద్ధతి.

బాపు పోయి మూడేళ్లయింది. దినాలయ్యాక అన్న నన్ను "నీకేం గావాలె?" అని అడిగాడు. వాటా గురించి అడుగుతున్నాడనుకుని నాకు ఒళ్లు మండింది. "నాకేమద్దు. నా స్టూలు నాకుండనీ" అన్నాను. నా నోరు అంతే, ఊరుకోదు. ఆ రోజు నుంచి అన్న నాతో పనికి తప్ప మాట్లాడలేదు. కోపమొచ్చిందనుకున్నాను. ఆయనే మాట్లాడాలని నేనూ బింకంగా ఉన్నాను.

రోజూ గేటు తెరవకముందు ఒక ట్రాలీ జనం లేకుండా తిప్పి పట్టాలు చూడాలి. ఇదివరకు బాపు, అన్న కలిసి కూర్చుని పోయేవాళ్లు. ఇప్పుడు అన్న ఒక్కడే పోతాడు. అప్పటికే నేను వెనక పరదా ఎత్తుకుని వచ్చి నా స్టూలు మీద ఉంటాను. ఎప్పుడొస్తానో ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ఆయన ట్రాలీ ఉత్త మలుపులో కాసేపు ఆగుతుంది. నట్లు చూసుకుంటున్నాడేమో అనుకుని, ఊపిరి బిగబట్టి, కదలకుండా కూర్చునేదాన్ని. ట్రాలీ పోయాక ఊపిరి వదిలేదాన్ని.

ఈ ఎండాకాలం హైదరాబాదు నుంచి పెద్ద పెట్టె దిగింది. అందులో ఒక దయ్యం బొమ్మ. ట్రాలీ దగ్గరికొస్తే కళ్లు మండుతాయి, చేతులు చాపుతుంది, అరుస్తుంది. ఎక్కడ పెడతావని అడిగాను.

"ఉత్త మలుపుల" అన్నాడు అన్న, నా వైపు చూడకుండా.

"బాపు పెట్టిన మలుపు గది."

"జనం ఫోన్లల్ల అన్ని సూస్తున్నరు. ఉత్తగ తిప్పితే మనలను తిడ్తరు."

"ఇన్నేండ్లు ఎవరు తిట్టిండ్రు?"

"నీకేం తెలుస్తది, స్టూల్ మీద కూసుంటవు. ఎన్నడన్న ఎక్కినవా? ఎక్కి సూసి సెప్పు."

బొమ్మ అక్కడ అరుస్తుంటే ఇంక ఎవరు మాట్లాడతారు? నాకు మిగిలింది ఆ నాలుగు మాటలే. అవీ తీసేస్తానంటే దుఃఖం ముంచుకొచ్చింది. దుఃఖమొస్తే నేను ఏడవను, తగువు పెట్టుకుంటాను. పోయి ముందున్న ట్రాలీలో కూర్చున్నాను. పద్ధతి ప్రకారం పనివాడొకడు నా పక్కన ఎక్కబోయాడు.

"నువ్వు దిగు. నేను కూసుంట" అన్నాడు అన్న.

తలుపు గుద్దుకుంది. అస్థిపంజరం లేచింది. దారాలు మొహానికి తగిలాయి. ఇద్దరం చెరో అంచుకు జరిగి, బస్సులో కొత్తవాళ్లలా కూర్చున్నాం. కొరివి దయ్యం దాటింది. మలుపులోకి రాగానే అన్న కాలితో బ్రేకు తొక్కాడు.

బ్రేకు మీద కాలు తీయకుండానే అన్నాడు.

"పైసల కోసం గాదు చెల్లె. రోజు పొద్దుమీకి ఒక్కన్నే వస్త గదా. అంత దనుక మంచిగనే ఉంటది. గీడికి రాంగనే బాపు పక్కన లేడని యాదికొస్తది. ఆపుకొని కూసుంట. ఎవ్వరుండరు. ఏదన్న బొమ్మ ఉంటే గంత గనం అనిపియ్యదని."

అంచు నుంచి ఆయన వైపు జరిగాను.

"నేనుంటనన్న" అన్నాను.

"యాడ?"

"గీడనే. స్టూల్ మీద. నువ్వొచ్చేసరికి రోజు ఉంట."

అన్న నా వైపు తిరిగినట్టు తెలిసింది, మొహం కనిపించలేదు.

"మూడేండ్ల సంది?"

"మూడేండ్ల సంది."

"మరి పలుకకపోతివి?"

"నువ్వు కోపంల ఉన్నవనుకున్న."

"నాకెందుకు కోపం? నువ్వే ఏమద్దని ఆడికాడికే తెంపినవు. ఇగ నీకు నాతోని పని లేదనుకున్న."

అన్న బ్రేకు వదిలాడు. బయట వెలుతురు కళ్లకు కొట్టింది, లైన్లో జనం మా ఇద్దరినీ చూశారు. ఏడ్చినట్టు కనబడతానేమోనని శాలువాతో మొహం తుడుచుకున్నాను. బొమ్మ పెట్టెలోనే ఉంది. దాన్నేం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

దిగుతూ అన్న చెప్పాడు: "రేపు పిలుస్త. పలుకు."

మర్నాడు పొద్దంతా మిషను తొక్కుతూ ఏమనాలో అనుకుంటూనే ఉన్నాను. గేటు తెరవకముందే పోయి కూర్చున్నాను. ట్రాలీ వచ్చింది, ఆగింది.

"చెల్లె, ఉన్నవా?"

ఎప్పుడు చూసినా వాగే ఈ నోటికి ఒక్క మాట రాలేదు. అన్న దిగాడు. సంచుల గోడ తడుముకుంటూ, నా గడ్డపార తట్టుకుని, దాన్ని తిట్టుకుంటూ వచ్చాడు. చెయ్యి ముందు నా భుజానికి తగిలింది, తర్వాత నెత్తి మీదికి వచ్చి అక్కడే ఆగింది.

"ఉన్నవు గదా" అన్నాడు.